మురుగు బురద వేసిన నేలలో భార లోహాలు: ఉన్నదెంత, పైరుకు అందేదెంత

ఒకే పొలం మట్టిని రెండు ప్రయోగశాలలకు పంపితే, ఒకటి అందులో కాడ్మియం కిలోకు 1.2 మిల్లీగ్రాములు ఉందని, మరొకటి 0.4 మిల్లీగ్రాములే ఉందని రాసి పంపవచ్చు. రెండూ సరైన ఫలితాలే కావచ్చు. మొదటి ప్రయోగశాల ఆ మట్టిని గాఢమైన ఆమ్లంలో మరిగించి, లోపలున్న లోహాన్ని దాదాపు అంతా బయటికి రప్పించి కొలిచింది. రెండోది సౌమ్యమైన ద్రావణంలో మట్టిని కాసేపు కుదిపి, ఊడివచ్చినంత మాత్రమే కొలిచింది. మురుగునీటి శుద్ధి కేంద్రాల బురదను పొలాలకు ఎరువుగా వేయవచ్చా అన్న వాదన లేచిన ప్రతిచోటా ఈ రెండు రకాల సంఖ్యలూ ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. వద్దనేవారు మొదటిదాన్ని, వేయవచ్చనేవారు రెండోదాన్ని చూపిస్తారు. ఆ రెండింటికీ ఉన్న సంబంధం తెలియకుండా ఏ పక్షం మాటనూ తూచలేం.

## బురదలోకి లోహాలు ఎలా చేరతాయి

మురుగునీటిని శుద్ధి చేసేటప్పుడు నీరు తేటపడుతుంది. అందులోని ఘనపదార్థం, దాన్ని తిని పెరిగిన సూక్ష్మజీవులతో కలిసి అడుగుకు దిగుతుంది. అదే మురుగు బురద. వాడుకలో స్లడ్జ్ అంటారు. దాన్ని గాలి చొరని తొట్లలో కుళ్లబెట్టి, నీరు పిండి, కొన్నిచోట్ల సున్నం కలిపి, కొన్నిచోట్ల కంపోస్టుగా మార్చి పొలాలకు తోలుతారు. నత్రజని, భాస్వరం, సేంద్రియ పదార్థం అందులో దండిగా ఉంటాయి. సారం తగ్గిన నేలకు ఇది నిజంగానే బలమైన ఎరువు. ఈ సంగతిని పక్కనబెట్టి బురదను కేవలం విషంగా చూడటం సరికాదు.

అయితే నీటిలో లీటరుకు లేశమాత్రంగా ఉండే లోహాలు కూడా శుద్ధి క్రమంలో ఈ ఘనపదార్థానికి అంటుకుని పోగుపడతాయి. రాగి గొట్టాలు అరిగి రాగి వస్తుంది, జింకు పూత పూసిన రేకుల నుంచి, గొట్టాల నుంచి జింకు వస్తుంది, లోహాలకు పూత పూసే కర్మాగారాల నీటితో నికెల్, క్రోమియం, కాడ్మియం వస్తాయి, రోడ్లను కడిగిన వాననీరు కాలువలో కలిస్తే టైర్ల అరుగుదలతో మరికొంత జింకు చేరుతుంది. అందుకే ఇళ్ల నీరు మాత్రమే వచ్చే కేంద్రం బురదకూ, కర్మాగారాల నీరు కలిసే కేంద్రం బురదకూ పోలిక ఉండదు. ‘మురుగు బురద’ అన్న ఒక్క పేరు కింద ఎన్నో వేర్వేరు పదార్థాలున్నాయి.

‘భార లోహాలు’ అన్న మాటకు రసాయన శాస్త్రంలో అందరూ ఒప్పుకున్న నిర్వచనం లేదు. సాంద్రత ఎక్కువగా ఉండి, మోతాదు మించితే ప్రాణులకు హాని చేసే లోహాలను కలిపి అలా పిలుస్తున్నారు. పూర్తిగా లోహం కాని ఆర్సెనిక్‌ను కూడా ఆ జాబితాలోనే చేరుస్తారు. వీటిలో జింకు, రాగి, నికెల్ మొక్కకు కొద్దిగా అవసరం. కాడ్మియం, సీసం, పాదరసం మొక్కకు గానీ మనిషికి గానీ అవసరమైనవి కావు.

## మొత్తం వేరు, లభ్యం వేరు

గాదెలో ధాన్యం ఎంతుందన్నది ఒక ప్రశ్న, ఈ పూట పొయ్యి మీదికి ఎంత వచ్చిందన్నది మరో ప్రశ్న. నేలలోని లోహం సంగతీ అంతే. మొక్క వేరు మట్టిరేణువును నమిలి తినదు. మట్టిరేణువుల మధ్యనున్న నీటిలో కరిగిన లోహాన్నే తీసుకోగలదు. ఆ నేలనీటిలో ఉండేది మొత్తం లోహంలో చాలా చిన్న భాగం. మిగతాది వేర్వేరు పట్టుల్లో ఉంటుంది. కొంత బంకమన్ను, సేంద్రియ పదార్థాల ఉపరితలం మీద విద్యుదావేశంతో వదులుగా అంటుకుని, మరో అయాన్ (విద్యుదావేశమున్న కణం) వచ్చి తోస్తే తప్పుకునేలా ఉంటుంది. కొంత కార్బనేట్లతో, కొంత ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లతో బిగిసి ఉంటుంది. కొంత సేంద్రియ పదార్థపు అణువుల్లో చిక్కుకుని ఉంటుంది. ఇంకొంత రాతి ఖనిజాల స్ఫటికాల్లోనే ఇమిడి ఉండి, మనిషి జీవితకాలంలో బయటికి రాదు.

లభ్యం అంటే ఈ మొత్తంలో వేరుకు ఇప్పుడు అందుతున్నదీ, పైరు పెరిగే కాలంలో అందే వీలున్నదీ కలిపిన భాగం. వేరు నేలనీటిలోంచి కొంత లాగగానే, వదులుగా అంటుకున్న భాగం నుంచి అంతో ఇంతో కరిగి ఆ లోటు పూడుతుంది. కాబట్టి లభ్యతను ఒక పరిమాణంగానే కాక ఒక వేగంగా కూడా చూడాలి: ఎంత ఉంది అన్నదానితో పాటు ఎంత త్వరగా అందివస్తుంది అన్నదీ చూడాలి. పైగా ఇది మారే గుణం. మొత్తం లోహం తేలిగ్గా మారదు, లభ్యం మాత్రం నేల స్థితిని బట్టి ఈ ఏడు ఒకలా, పదేళ్ల తర్వాత మరోలా ఉండవచ్చు.

## ఒక హెక్టారుకు లెక్క వేసి చూస్తే

పదిహేను సెంటీమీటర్ల లోతు వరకు ఒక హెక్టారు పైమట్టి సుమారు 2,000 టన్నులు, అంటే 20 లక్షల కిలోలు తూగుతుంది. కిలో ఎండు బురదలో 5 మిల్లీగ్రాముల కాడ్మియం ఉందనుకుందాం. ఏడాదికి హెక్టారుకు 5 టన్నుల ఎండు బురద వేస్తే పొలంలోకి చేరే కాడ్మియం 25 గ్రాములు. దాన్ని 20 లక్షల కిలోల మట్టికి పంచితే కిలోకు 0.0125 మిల్లీగ్రాములు పెరిగినట్టు. నేలలో మొదట 0.3 మిల్లీగ్రాములు ఉంటే, ఇదే పద్ధతిలో 1 మిల్లీగ్రాముకు చేరడానికి 56 ఏళ్లు పడుతుంది. బురదలో కాడ్మియం 5 కాక 20 మిల్లీగ్రాములైతే అదే దూరాన్ని 14 ఏళ్లలో దాటుతుంది.

ఇక బయటికి పోయేదెంత? హెక్టారుకు 5 టన్నుల గింజ పండి, కిలో గింజలో 0.1 మిల్లీగ్రాము కాడ్మియం ఉంటే కోతతో పోయేది అర గ్రాము. లోపలికి వచ్చిన 25 గ్రాముల్లో అది యాభయ్యో వంతు. ఇలాంటి లోహాల్లో చాలావరకు నేలకు గట్టిగా అంటుకునేవే కాబట్టి, నీటితో లోతుకు దిగేది కూడా మామూలు నేలల్లో తక్కువే. ఆమ్లత్వం ఎక్కువైన ఇసుక నేలల్లో అది పెరుగుతుంది. నత్రజని గాలిలో కలుస్తుంది, సేంద్రియ పదార్థం కుళ్లిపోతుంది, లోహం మాత్రం దున్నే లోతులోనే మిగులుతుంది. బురద గురించిన ఆందోళనకు అసలు మూలం ఈ అర గ్రాముకూ 25 గ్రాములకూ మధ్య ఉన్న తేడాయే.

## లభ్యతను నడిపించేవి

అన్నింటికన్నా పెద్ద పాత్ర నేల పీహెచ్‌ది, అంటే ఆమ్లత్వాన్నీ క్షారత్వాన్నీ చెప్పే సూచికది. పీహెచ్ తగ్గి నేల పులిసేకొద్దీ హైడ్రోజన్ అయాన్లు లోహ అయాన్లను రేణువుల మీద నుంచి తోసేసి నీటిలోకి పంపుతాయి. రసాయన సిద్ధాంతం ప్రకారం పీహెచ్ ఒక్క అంకె పెరిగితే కరిగిన జింకు అయాన్ల గాఢత వందో వంతుకు పడిపోవాలి. నిజమైన పొలాల్లో మార్పు అంత నిటారుగా ఉండదు గానీ దిశ మాత్రం అదే. కాడ్మియం, నికెల్ కూడా ఇదే దారిలో నడుస్తాయి. అందుకే బురద వేసే నేలల పీహెచ్‌ను సున్నంతో 6 లేదా 6.5కు పైన నిలపాలని చాలా మార్గదర్శకాలు చెబుతాయి. అయితే ఈ మందు అన్నింటికీ పనిచేయదు. మాలిబ్డినం, సెలీనియం, ఆర్సెనిక్ రుణావేశపు అయాన్లుగా ఉంటాయి కాబట్టి పీహెచ్ పెరిగితే ఇవి ఎక్కువగా కరిగే అవకాశం ఉంది.

రెండోది నేలలోని పట్టు. బంకమన్ను, సేంద్రియ పదార్థం, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు ఎక్కువున్న నేల లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఇసుకపాలు ఎక్కువైతే ఆ పట్టు సడలుతుంది. రాగి, సీసం సేంద్రియ పదార్థాన్ని గట్టిగా అంటిపెట్టుకుంటాయి. జింకు, కాడ్మియం పట్టు అంత బలమైనది కాదు, అందుకే అవి తొందరగా కదులుతాయి. రాగి విషయంలో ఒక మెలిక ఉంది. కరిగిపోయే సేంద్రియ అణువులు దాన్ని తమతో నీటిలోకి తీసుకుపోగలవు. అలా నేలనీటిలో రాగి ఎక్కువగా కనిపించినా, అణువుల గుప్పిట్లో ఉన్న ఆ రాగి వేరుకు సులువుగా దొరకదు. కరిగినదంతా లభ్యమే అనుకోకూడదని దీన్ని బట్టి తెలుస్తుంది.

మిగతా రెండు సంగతులు క్లుప్తంగా. నేలలోగానీ సాగునీటిలోగానీ క్లోరైడ్ ఉప్పు ఎక్కువైతే అది కాడ్మియంతో జతకట్టి దాన్ని నీటిలో నిలుపుతుంది, పైరు తీసుకునే కాడ్మియం పెరుగుతుంది. నీరు నిలిచిన వరిమడిలో గాలి అందక సల్ఫైడ్లు ఏర్పడి కాడ్మియాన్ని బంధిస్తాయి. కోతకు ముందు మడిని ఆరబెడితే ఆ బంధం విడిపోతుంది. ఆర్సెనిక్ దీనికి సరిగ్గా తిరగబడి, నీరు నిలిచినప్పుడే ఎక్కువగా కరుగుతుంది.

## మొక్క ఆపే లోహాలు, ఆపలేనివి

లోహాలన్నింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడటం వల్ల చాలా అయోమయం పుడుతోంది. సీసం, త్రిసంయోజక రూపంలోని క్రోమియం నేలకో వేరుకో అంటుకుని ఆగిపోతాయి. ఆకులోకి, గింజలోకి పెద్దగా ఎక్కవు. వీటి ప్రమాదం మరో దారిలో వస్తుంది: బురద అంటిన గడ్డిని మట్టితో సహా మేసే పశువు, చేతికంటిన మట్టిని నోట్లో పెట్టుకునే పసిబిడ్డ. జింకు, రాగి, నికెల్ మొక్కలోకి ఎక్కుతాయి గానీ, తినేవారికి హాని చేసే స్థాయికి రాకముందే సాధారణంగా పైరే పాలిపోయి, గిడసబారి చేనులోనే హెచ్చరిస్తుంది. ఈ రెండు రకాల అడ్డుగోడనూ కలిపి అమెరికా వ్యవసాయ శాస్త్రవేత్త రూఫస్ చేనీ నేల–మొక్క అవరోధంగా వర్ణించారు.

కాడ్మియం ఈ గోడను దాటుతుంది. పైరు పచ్చగా, ఏపుగా, ఏ లోపమూ కనిపించకుండా పెరుగుతూనే తినేవారికి హాని చేసేంత కాడ్మియాన్ని ఆకులో నింపుకోగలదు. పాలకూర, లెట్యూస్ వంటి ఆకుకూరలు దాన్ని ఎక్కువగా తీసుకుంటాయి. చాలా గింజలు, పండ్లు తక్కువగా తీసుకుంటాయి. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ఆకుకూరల్లో కిలోకు 0.2, పాలిష్ బియ్యంలో 0.4 మిల్లీగ్రాముల కాడ్మియాన్ని గరిష్ఠ పరిమితిగా పెట్టింది. మనిషి మూత్రపిండాల్లో చేరిన కాడ్మియం సగానికి తగ్గడానికి పదేళ్లకు పైగా పడుతుంది. జపాన్‌లో జింజూ నది పరీవాహకంలో కాడ్మియం చేరిన బియ్యం, నీరు వాడినవారి ఎముకలు పెళుసుబారి విరిగిపోయాయి. ఇతాయ్–ఇతాయ్ అని పేరుపడిన ఆ వ్యాధికి కారణం కాడ్మియమేనని 1968లో ప్రభుత్వం అంగీకరించింది. అక్కడ లోహం వచ్చింది గని నుంచి, మురుగు బురద నుంచి కాదు. ఆ తేడా చెప్పకుండా ఈ ఉదాహరణ వాడితే పాఠకులను తప్పుదోవ పట్టించినట్టే. అయితే నేలలోని కాడ్మియం కంచం దాకా రాగలదనడానికి మాత్రం అంతకన్నా బలమైన సాక్ష్యం లేదు.

## లభ్యతను ఎలా కొలుస్తారు

ఎక్కువగా వాడే పద్ధతి డీటీపీఏ పరీక్ష. జల్లించిన పది గ్రాముల పొడిమట్టిని సీసాలో వేసి, ఇరవై మిల్లీలీటర్ల డీటీపీఏ ద్రావణం పోసి, రెండు గంటలపాటు యంత్రం మీద కుదుపుతారు. తర్వాత వడగట్టగా వచ్చిన తేట నీటిలో ఎంత లోహముందో చూస్తారు. డీటీపీఏ అణువు ఎండ్రకాయ డెక్కల్లా లోహ అయాన్‌ను చుట్టూ పట్టుకుని రేణువు మీద నుంచి లాగుతుంది. 1978లో లిండ్సే, నార్వెల్ అనే శాస్త్రవేత్తలు ఈ పరీక్షను ప్రచురించింది జింకు, ఇనుము, మాంగనీసు, రాగి లోపాలను పట్టుకోవడానికి. కాలుష్యాన్ని కొలవడానికి కాదు. పైగా ఆ ద్రావణం పీహెచ్‌ను 7.3 దగ్గర బిగించి ఉంచుతుంది. నేల పులిసి, దాని పీహెచ్ 5కు దిగినా సీసాలో కొలత మాత్రం 7.3 దగ్గరే జరుగుతుంది. లభ్యతను అన్నింటికన్నా ఎక్కువగా శాసించే గుణమే ఇక్కడ కొలత నుంచి జారిపోతోంది.

అందుకే చాలామంది పరిశోధకులు పలుచని కాల్షియం క్లోరైడ్ ద్రావణం వైపు మొగ్గుతున్నారు. అది నేల సొంత పీహెచ్‌ను పెద్దగా మార్చదు, ఊడివచ్చే లోహం మాత్రం అతి తక్కువ కాబట్టి కొలిచే యంత్రం సున్నితంగా ఉండాలి. మట్టిని వరుసగా ఒకదాని కన్నా మరొకటి బలమైన ద్రావణాలతో కడిగి, ఏ పట్టులో ఎంత ఉందో విడదీసే పద్ధతిని 1979లో టెస్సియర్ బృందం ప్రతిపాదించింది. అందులో ఒక దశలో విడిపోయిన లోహం తర్వాతి దశకు ముందే మరోచోట అంటుకోవచ్చని, కాబట్టి ఆ విభజనను ఉన్నదున్నట్టు నమ్మరాదని విమర్శ ఉంది. నా దృష్టిలో ఈ కొలతల్లో ఏదీ తప్పు కాదు. ఏ ద్రావణంతో కొలిచారో చెప్పని ‘లభ్య కాడ్మియం’ అన్న సంఖ్య మాత్రం దేనికీ పనికిరాదు.

## ఏళ్లు గడిచాక ఏమవుతుంది

శాస్త్రవేత్తల మధ్య అసలు వివాదం ఇక్కడే. బురద తనతో లోహాన్నే కాక, దాన్ని పట్టి ఉంచే పదార్థాన్ని కూడా తెస్తుంది. భాస్వరాన్ని పట్టడానికి శుద్ధి కేంద్రాల్లో వాడే ఇనుపలవణాల వల్ల బురదలో ఇనుము సమ్మేళనాలు మెండుగా ఉంటాయి. కాబట్టి బురద వేసేకొద్దీ పైరు తీసుకునే లోహం ఒక మెట్టు దాకా పెరిగి, ఆపై సమతలంగా నిలిచిపోతుందని ఒక వర్గం వాదన. సేంద్రియ పదార్థం కుళ్లిపోయినా ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు నేలలో ఉండిపోతాయి కదా అని వారంటారు. కుండీల్లో కరిగే లోహ లవణాలు కలిపి చేసిన ప్రయోగాలు పొలంలో బురద వేసినప్పటికన్నా ఎక్కువ లోహాన్ని మొక్కలోకి ఎక్కించాయని, ఆ ఫలితాలు చూసి భయపడటం సరికాదని కూడా వారు గుర్తుచేస్తారు. ఈ రెండో మాటలో నిజం ఉంది.

రెండో వర్గం దీన్ని కాలం నిర్ణయించిన బాంబుతో పోలుస్తుంది. బురద వేయడం ఆపిన తర్వాత సేంద్రియ పదార్థం ఏటా తరుగుతుంది. అందులోని అమ్మోనియం అనే నత్రజని రూపం నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం పుట్టి నేల పులుస్తుంది. పట్టి ఉంచినవి తగ్గి, తోసేవి పెరిగితే ఇన్నాళ్లూ అణిగి ఉన్న లోహం బయటపడుతుందన్నది వారి హెచ్చరిక. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మరే మక్‌బ్రైడ్ 1990ల్లో అమెరికా పరిమితులను ఈ కోణంలోనే విమర్శించారు.

ఈ తగాదాలో అందరూ తిరగేసే పొలం ఇంగ్లండ్‌లోని వోబర్న్‌లో ఉంది. అక్కడి ఇసుకపాలు ఎక్కువున్న మళ్లలో 1942 నుంచి 1961 దాకా మురుగు బురద వేసి కూరగాయలు పండించి, ఆపై ఆపేశారు. మట్టి నమూనాలను దాచి ఉంచడం వల్ల, బురద ఆపిన తర్వాత రెండు దశాబ్దాలకు పైగా ఏం జరిగిందో వరుసగా చూడగలిగారు. మొత్తం లోహంలో ఊడివచ్చే జింకు, కాడ్మియంల వాటా కాస్త అటూ ఇటూ ఊగింది గానీ, నిలకడగా తగ్గనూ లేదు, పెరగనూ లేదు. బాంబు పేలలేదు; కాలం గడిస్తే లోహం తనంతట తానే రాయిలా బిగుసుకుపోతుందన్న ఆశా నెరవేరలేదు.

ఎవరూ పెద్దగా ఎదురుచూడని సంగతి అదే పొలంలో వేళ్ల దగ్గర బయటపడింది. ఆరోగ్యంగా ఉన్న పప్పుజాతి మొక్క వేరు బుడిపెను గోటితో చిదిమితే లోపల లేత గులాబీ రంగు కనిపిస్తుంది. గాలిలోని నత్రజనిని పట్టే పని జరుగుతోందనడానికి అదే గుర్తు. బురద వేసిన మళ్లలో పెరిగిన తెల్ల క్లోవర్ అనే పప్పుజాతి మొక్కల బుడిపెలు చిన్నవిగా, పాలిపోయి ఉన్నాయి. వాటిలోని రైజోబియం బాక్టీరియా నత్రజనిని పట్టడం లేదు. పనిచేసే రకాలు ఆ నేలలో అంతరించి, పనికిరాని రకమే మిగిలిందని 1980ల్లో స్టీవ్ మెక్‌గ్రాత్, కెన్ గిల్లర్ తదితరులు తేల్చారు. పరిమితులన్నీ మొక్కను, మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. నేలలోని సూక్ష్మజీవికి అందే లోహం గురించి అప్పటిదాకా అంతగా ఆలోచించలేదు. తర్వాత బ్రిటన్‌లో, పీహెచ్ 7 దాటని నేలలకు జింకు సలహా పరిమితిని కిలోకు 300 నుంచి 200 మిల్లీగ్రాములకు తగ్గించడం వెనుక ఇలాంటి పరిశీలనలున్నాయి.

## నిబంధనలు ఇంత దూరం దూరంగా ఎందుకున్నాయి

ఐరోపా 1986 నాటి ఆదేశం బురదలో కాడ్మియానికి కిలోకు 20–40 మిల్లీగ్రాములు, బురద వేసే నేలకు 1–3 మిల్లీగ్రాములు పరిమితిగా పెట్టింది. సభ్యదేశాలు ఇంకా తగ్గించుకోవచ్చు. డెన్మార్క్ బురదలోనే 0.8 మిల్లీగ్రాములకు దిగింది. అమెరికా పర్యావరణ సంస్థ 1993 నిబంధన ప్రకారం మాత్రం ఒక హెక్టారుకు మొత్తం మీద 39 కిలోల కాడ్మియం దాకా చేరవచ్చు. పైన వేసుకున్న లెక్కతో దాన్ని పైమట్టికి పంచితే కిలోకు 19.5 మిల్లీగ్రాములు. ఐరోపా గరిష్ఠానికి ఇది ఆరు రెట్లకు పైనే.

ఇంత తేడాకు కారణం రెండు పక్షాలు వేర్వేరు ప్రశ్నలు వేసుకోవడం. అమెరికా పద్ధతి పద్నాలుగు మార్గాలను పరిశీలించి, ఏ మార్గంలో ఎవరికి హాని జరగవచ్చో అంచనా వేసి, దాని నుంచి పరిమితి తీసింది. కాడ్మియం విషయంలో ఆ పరిమితిని నిర్ణయించింది బురదను నేరుగా మింగే పసిబిడ్డ మార్గం. అందులో లభ్యత తక్కువగానే ఉంటుందన్న నమ్మకం ఇమిడి ఉంది. ఉత్తర ఐరోపా దేశాల్లో కొన్ని ‘వచ్చేదీ పోయేదీ సమానంగా ఉండాలి, నేలలో పోగు పెరగకూడదు’ అన్న నియమాన్ని ఎంచుకున్నాయి. దానికి లభ్యత లెక్క అవసరమే లేదు, మొత్తం ఒక్కటే చాలు. మొదటి పద్ధతి శాస్త్రాన్ని ఎక్కువగా వాడుకుంటుంది, కానీ ఆ శాస్త్రంలోని అంచనాలు తప్పితే దిద్దుకునే దారి ఉండదు. రెండోది జాగ్రత్తపరమైనది, కానీ దానివల్ల పొలాలకు వెళ్లగల భాస్వరం కొంత వృథా అవుతుంది. స్విట్జర్లాండ్ మరో అడుగు వేసి, 2006 నుంచి పొలాల్లో మురుగు బురద వాడకాన్నే నిలిపివేసి, బురదను కాల్చి, బూడిద నుంచి భాస్వరాన్ని తిరిగి తీసే దారి పట్టింది. ఒకసారి చేరిన లోహాన్ని తిరిగి తొలగించలేని నేల గురించి మాట్లాడుతున్నాం కాబట్టి, నాకు ఇందులో పోగును అదుపులో పెట్టే ఆలోచనే ఎక్కువ నచ్చుతుంది; అయితే శుభ్రమైన బురద ఉన్నచోట దాన్ని పూర్తిగా నిషేధించడానికి వోబర్న్ ఫలితాలు ఆధారం ఇవ్వవని కూడా ఒప్పుకోవాలి.

## ఆ రెండు చీటీలను మళ్లీ చదివితే

మొదట చెప్పుకున్న పొలానికి తిరిగివద్దాం. మొత్తం కాడ్మియం 1.2, డీటీపీఏతో ఊడివచ్చింది 0.4. నేల పీహెచ్ 6.8, వేసిన పైరు మొక్కజొన్న అనుకుందాం. పీహెచ్ అనుకూలంగా ఉంది, మొక్కజొన్న గింజ కాడ్మియాన్ని పెద్దగా పట్టదు. ఈ స్థితిలో గింజ పరిమితి దాటే అవకాశం తక్కువ. అదే పొలాన్ని కొన్న మరొకరు సున్నం వేయడం మానేసి, అమ్మోనియం ఎరువులు దండిగా వేసి, పన్నెండేళ్లలో పీహెచ్‌ను 5.5కు దించి, పాలకూర వేశారనుకుందాం. ఆమ్లంలో మరిగించిన చీటీలో ఇప్పటికీ 1.2 అనే వస్తుంది. పీహెచ్‌ను 7.3 దగ్గర బిగించే డీటీపీఏ చీటీలో కూడా పెద్ద మార్పు కనిపించకపోవచ్చు. కాల్షియం క్లోరైడ్‌తో తీసిన సంఖ్య మాత్రం ఎన్నో రెట్లు పెరిగి ఉంటుంది, ఆకులోని కాడ్మియం దానితోపాటు పెరుగుతుంది. ఏ పొలానికి ఏ ఏడు ఎంత బురద వెళ్లిందో, అందులో ఏ లోహం ఎంత ఉందో రాసి ఉంచాలని ఐరోపా ఆదేశం అడుగుతుంది. అలాంటి పద్దు లేకపోతే, పాలకూర వేసిన ఆ రెండో రైతుకు తన మట్టిని కాడ్మియం కోసం పరీక్షించుకోవాలన్న ఆలోచన రావడానికి కూడా కారణం కనిపించదు.